భూతద్దం యోగానంద్

కెనడాలోని మిస్సిసాగాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే యోగానంద్‌కు పాత రైఫిళ్ల పిచ్చి. ముందు చెక్క పిడిని వాసన చూస్తాడు, కొత్త వార్నిష్ ఉందేమోనని. తర్వాత భూతద్దం తీసి గొట్టం మీద, బోల్టు మీద, పిడి మీద చెక్కిన నంబర్లు పోల్చుతాడు. మూడూ ఒకటైతేనే అసలుది. ఇప్పటికి ఇరవై నకిలీలు పట్టాడు, ఒక్కటీ కొనలేదు.

మొన్న ముసలి డీలర్ వాల్టర్ చూపించినదానిలో మూడూ కలిశాయి. యోగానంద్ వేళ్ల మీద అంకెలు కూడి నిట్టూర్చాడు. "టోటల్ ఎనిమిది వస్తోంది సర్. మాకు అచ్చిరాదు. తొమ్మిది వచ్చేదుంటే చెప్పండి." వాల్టర్ గడ్డం గోక్కున్నాడు. "వచ్చే శనివారం రండి." శనివారానికి తొమ్మిది వచ్చింది. అంకెల గాట్లలో ఇనుము ఇంకా తళతళలాడుతోంది. యోగానంద్ రైఫిల్‌ను కళ్లకద్దుకుని కొన్నాడు. ఆ రోజు భూతద్దం జేబులోంచి బయటికి రాలేదు.