మేరీ ఇంటిదాకా లైన్ టెస్టు

1979లో నాకు సూపర్‌వైజరుగా ప్రమోషనిచ్చి, ద్రాక్షారామానికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న పట్నం టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వేశారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు కొందరు ఇప్పటికీ నన్ను పెళ్లిళ్లకు పిలుస్తారు. అది మాన్యువల్ ఎక్స్ఛేంజి. ఇంట్లో ఫోను హేండిల్ తిప్పితే మా బోర్డు మీద ఆ నెంబరు దగ్గర చిన్న రేకు మూత పడుతుంది. ఆపరేటరు అక్కడ ప్లగ్గు గుచ్చి, ఎవరు కావాలో అడిగి కలుపుతుంది. ఊళ్లో ఎవరు ఎవరిని తిట్టాలన్నా మా చేతుల మీదుగానే తిట్టాలి.

రాత్రి డ్యూటీ మగవాళ్లది, సాయంత్రం డ్యూటీ ఆడవాళ్లది. సాయంత్రం డ్యూటీ రాత్రి పదింటికి ముగుస్తుంది. ముగిశాక ఆపరేటరు ఇంటికి ఎలా చేరాలన్నది ఏ రూల్లోనూ లేదు. నా క్వార్టరు ఎక్స్ఛేంజి వెనకాలే కాబట్టి నాకా ఇబ్బంది లేదు. సాయంత్రం ఆపరేటరు మేరీకి ఉంది.

మేరీ ఇల్లు కాలవ లాకులు దాటాక, చర్చి పేటలో. మెడికల్ షాపు మీదుగా రైసుమిల్లు యజమాని ఇల్లు దాటి లాకుల దాకా నడవాలి. తండ్రి మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. కూతురికి తోడుగా కొన్నాళ్లు వచ్చారు కానీ ఆయనకి రేచీకటి. ఆయన్ని జాగ్రత్తగా ఇంటికి చేర్చడం మేరీకి ఇంకో డ్యూటీ అయింది.

ఆ వానాకాలంలో ఎవడో దీపం లేని సైకిలు మీద ఆమె వెనకాల రావడం మొదలుపెట్టాడు. మొహానికి తువ్వాలు. ఆమె ఆగితే ఆగేవాడు, నడిస్తే వచ్చేవాడు. ఒక రాత్రి మిల్లు దాటాక సైకిలు దారికి అడ్డంగా పెట్టి నిలబడ్డాడు. మేరీ వెనక్కి పరుగెత్తి ఎక్స్ఛేంజిలోకి వచ్చి పడింది. చెప్పులు లేవు. నాకు ఒళ్లు మండిపోయింది. పోలీసు స్టేషనుకి ఫోన్ చేస్తే మనిషెవరో చెప్పమన్నారు. మొహం కనపడలేదంటే, కనపడ్డాక చెప్పమన్నారు.

మర్నాడు తండ్రి వచ్చి, ఉద్యోగం మానిపిస్తానన్నారు. మేరీ ఇంకా పర్మనెంటు కాలేదు. మానితే మళ్లీ రానివ్వరు. ఇంట్లో వేరే సంపాదన లేదు. నెలాఖరుదాకా చూడమని ఆయన్ని బతిమాలుకున్నాను.

మాకున్నది బోర్డొక్కటే. ఆ రాత్రి నుంచి మేరీ గేటు దాటగానే, రాత్రి డ్యూటీ ఆపరేటరు పక్కన కూర్చుని ముందు మెడికల్ షాపుకి రింగిచ్చేదాన్ని. వాళ్ల కాపురం షాపు మీదే. "మా అమ్మాయి దాటిందేమో కాస్త చూస్తారాండి?" అని అడిగితే లైటు వేసి చూసి చెప్పేవారు. తర్వాత మిల్లు యజమాని వెంకటరత్నంగారు. ఆఖర్న లాకుల ఆఫీసు. అక్కడి వాచ్‌మన్ "దాటేసిందండి" అన్నాక నేను లేచేదాన్ని.

వారం తిరక్కుండా వెంకటరత్నంగారు రోజూ నిద్ర చెడుతోందని మా పై అధికారికి, అంటే ఎస్డీఓ గారికి, కంప్లయింటిచ్చారు. ఎస్డీఓ జీపులో వచ్చారు. మర్యాదస్తుడు. డ్యూటీ దిగాక ఆపరేటరు కూడా పబ్లిక్కేనని, పబ్లిక్కుని ఇంటికి చేర్చడం డిపార్టుమెంటు పని కాదని, కాల్ లేకుండా రింగివ్వకూడదని చెప్పారు. నేను సరేనని, వానాకాలంలో రాత్రిపూట లైన్లు టెస్టు చేయొచ్చా అని అడిగాను. చేయొచ్చు, చేయాలి కూడా అన్నారు. ఏ వరసలో చేయాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రాత్రే టెస్టులు మొదలయ్యాయి. మెడికల్ షాపు, మిల్లు యజమాని, లాకులు. ఈసారి మేరీయే వచ్చి మొరపెట్టుకుంది. "ఇదివరకు వాడొక్కడే చూసేవాడండి. ఇప్పుడు లైట్లేసుకుని వీధి వీధంతా చూస్తోంది." అలవాటు చేసుకోమన్నాను.

నెలాఖరు దగ్గరపడుతుండగా ఒక రాత్రి వెంకటరత్నంగారికి సహనం నశించింది.

"టెస్టూ లేదు, గిస్టూ లేదు. ఇదంతా ఆ పిల్ల కోసమేనని నాకు తెలీదా ఏంటండి? ఉండండి, ఆ పిల్లతోనే తేల్చుకుంటాను" అని రిసీవరు బల్ల మీద పడేసి వీధిలోకి వెళ్లారు. ఫోను వీధి గదిలో, కిటికీ పక్కన ఉండేది. నేను ప్లగ్గు తీయలేదు. చందాదారుల సంభాషణ వినడం నిషేధం. అది సంభాషణ కిందికి రాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆయనొక్కరే మాట్లాడారు.

"ఇదిగో అమ్మాయ్, ఆగు" అన్నారు. తర్వాత గొంతు మారింది. "ఎవడ్రా అది వెనకాల? దిగు. తువ్వాలు తియ్యి." సైకిలు కిందపడ్డ చప్పుడయింది. "నువ్వట్రా," అన్నారు. చెంపదెబ్బ చప్పుడు కిటికీలోంచి చక్కగా వినిపించింది. లైను బాగానే పనిచేస్తోందన్నమాట.

వాడు ఆయన సొంత తమ్ముడు. పెళ్లయినవాడు.

ఆ రాత్రి మేరీని లాకులు దాటించి ఇంటిదాకా దిగబెట్టింది వెంకటరత్నంగారే. మర్నాడు నాకు ఫోన్ చేశారు. తమ్ముడి ఊసు ఎత్తలేదు. "అమ్మా సూపర్‌వైజరుగారూ, మా లైను టెస్టు మానకండి. ఆ టైముకి నేను అరుగు మీదుంటాను" అన్నారు. ఉన్నారు కూడా. మేరీ ఉద్యోగం మానలేదు. పర్మనెంటయింది, ఎక్స్ఛేంజి పక్కకే ఇల్లు మారింది. నేను బదిలీ అయ్యేనాటికి తనే బోర్డు దగ్గర కూర్చుని కొత్తగా చేరిన పిల్ల కోసం లైన్లు టెస్టు చేసేది.

తమ్ముణ్ణి ఆ వారంలోనే కాకినాడ పంపేశారు, అక్కడున్న తమ బియ్యం కొట్టు చూసుకోమని. వ్యవహారం పరువుగా సర్దుకుందని ఊరంతా సంతోషించింది. నేనూ సంతోషించాను. నాలుగేళ్ల తర్వాత కాకినాడ బదిలీ అయి వెళ్లి చూస్తే అక్కడిది ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి. బోర్డు లేదు. రాత్రి పదింటికి ఆ బియ్యం కొట్టున్న వీధిలో ఏ ఆడపిల్ల దాటిందో, దాటలేదో అడగడానికి రింగిచ్చే మనిషి లేదు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది ఇంతే. మా ఊరి నుంచి మేము ఒక మనిషిని పంపించాం. ఆ సంగతి కాకినాడలో ఎవరికీ చెప్పలేదు.