ఆరని ఆకుపచ్చ వెలుగు

పరిశోధనశాలలో అందరూ ఆమెను దీపాలమ్మ అనేవారు. గాజు పళ్ళెంలో పెంచిన ఎలుక నాడీకణాలకు రంగు పట్టించి, చీకటిగదిలో సూక్ష్మదర్శిని కింద చూడటం ఆమె పని. కణంలోకి కాల్షియం వచ్చినప్పుడల్లా ఆ రంగు ఆకుపచ్చగా మెరుస్తుంది. కణం బయట బోలెడంత కాల్షియం, లోపల ఉందా లేదా అన్నంత. కణం రవ్వంత తలుపు తీసి, కబురందుకుని, వచ్చినదాన్ని వెంటనే బయటికి తోసేస్తుంది. మిణుక్కు, చీకటి. మిణుక్కు, చీకటి. అదే బతుకు.

తలుపు మూసుకోకపోతే మాత్రం కణం నిండా వెలుగే. పళ్ళెం మొత్తంలో దానంత అందమైనది ఇంకొకటి ఉండదు. లోపల నిండిన కాల్షియం కణంలో కత్తెరల్లాంటి ఎంజైములన్నిటినీ నిద్రలేపుతుంది. కణం తనను తానే కత్తిరించుకుంటుంది. అలాంటి వెలుగు కనబడితే ఇరవై ఏళ్ళుగా దీపాలమ్మ చేసేది ఒక్కటే: వెలుతురు కణాన్ని ఇంకా బాధించకుండా సూక్ష్మదర్శిని దీపం తగ్గించి, గడియారం చూసి, వేళ రాసుకోవడం. కొత్తగా చేరినవాళ్ళు "అబ్బ, ఎంత బాగుందో!" అంటే, "బాగుంది, పోతోంది" అనేది. ఆ పూట వాళ్ళకు ముద్ద దిగేది కాదు.

ఆమె భర్త తాళాలు బాగుచేసేవాడు. ఆయన దగ్గితే చాలు, ఎంత మొండి తాళమైనా నోరు తెరిచేదట. మతిమరుపు జబ్బు వచ్చాక రెండేళ్ళుగా భార్యను "ఏమండీ, మీరెవరు?" అని అడుగుతున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ దొరకని మర్యాద.

ఒక మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది.

"వదినా, అన్నయ్యకు తగ్గిపోయింది! నువ్వే చూడు!"

బల్ల మీద పాత తాళాలన్నీ తెరిచి ఉన్నాయి. ఆయన నవ్వుతున్నాడు.

"ఆలస్యమైందేమే? మొదటిసారి మీ ఇంటి తాళం తీయడానికొచ్చినప్పుడూ ఇంతే, గంటసేపు గుమ్మంలో నిలబెట్టావు. మీ నాన్న దగ్గు, కుంటి కుర్చీ, నీ జడకున్న ఎర్ర రిబ్బను..."

ఒకదాని మీద ఒకటి, ఆగకుండా. రెప్ప వేయడం లేదు. కళ్ళు మెరుస్తున్నాయి. మెరుపుకీ మెరుపుకీ మధ్య చీకటి లేదు.

దీపాలమ్మ గబగబా పరదాలు లాగింది, దీపం ఆర్పింది.

"మాట్లాడకండి. కళ్ళు మూసుకోండి."

"అదేంటొదినా! ఇన్నాళ్ళకి మాట్లాడుతుంటే!"

ఆమె వినలేదు. ఎడమ అరచేతిలో ఏదో చురుక్కుమంది. చూసుకుంటే కుడిచేతిలో కలం ఉంది. అరచేతి మీద వేళ రాసి ఉంది: మూడూ నలభై. ఎప్పుడు రాసిందో ఆమెకే తెలియదు.

చీకట్లోంచి ఆయన గొంతు వినిపించింది. "ఏమే, నన్నూ పళ్ళెంలో పెట్టేశావా?"

ఆమెకు ఏడుపొచ్చింది. మనిషి మెదడు పళ్ళెం కాదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పలేదు! ఒకవేళ పళ్ళెమే అయినా, దీపం తగ్గించినందుకు ఏ కణమైనా బతికిందా? పరదాలు తీసేసి ఆయన ఎదుట కూర్చుంది.

"చెప్పండి. ఆ రిబ్బను సంగతి."

సాయంత్రందాకా చెప్పాడు. కిటికీలో ఎండ తగ్గుతుండగా ఒక మాట సగంలో ఆగింది. ఆయన రెప్ప వేశాడు.

"ఏమండీ, మీరెవరు?"

దీపాలమ్మ అరచెయ్యి మూసుకుంది. "ఇంటి తాళంచెవి పోగొట్టుకున్నానండీ."

"అయ్యో, అంతేనా? పదండి" అని ఆయన పనిముట్ల సంచీ అందుకున్నాడు.