గిన్నె అడుగున చిరునామా

మౌంట్ నీబో చర్చి వంటగది నలభై ఏళ్లు మిస్ అర్జీలియా టాలీదే. ఖననం అయ్యాక పెట్టే భోజనాలకు ఎవరు ఏం వండి తేవాలో ఆమే చెప్పేది. ఒకసారి నేను కొన్న పిండివంట తీసుకెళ్తే అందరి ముందూ, "ఏం డొరెతా, దుకాణం వాళ్లకి కూడా దుఃఖం వచ్చిందా తల్లీ?" అంది. ఏడాది పాటు ఆవిడతో మాట్లాడితే ఒట్టు.

ఏ గిన్నె అయినా అడుగున టేపు అంటించి, పేరూ ఇంటి నంబరూ రాయాల్సిందే. తిరిగి సొంతదారు ఇంటికి చేరాలిగా.

పోర్ట్‌లాండ్‌లో మా నల్లవాళ్లకు ఇంకెక్కడా ఇల్లు ఇవ్వని రోజుల్లో మేమంతా ఈ నాలుగు వీధుల్లోనే సర్దుకున్నాం. తర్వాత రోడ్డు పేరు చెప్పి కొన్ని ఇళ్లు కూల్చారు. మిగిలినవాటికి ఉన్నట్టుండి గిరాకీ పుట్టింది, అద్దెలు మండిపోయాయి. కాస్‌వెల్ వీధిలో మిస్ అర్జీలియా ఉన్న ఇల్లూ పోయింది. ఆవిడ ఊరి చివరికి విసిరేసినట్టు వెళ్లిపడింది. అయినా ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి నాకంటే ముందే వచ్చేది.

పోయినేడు చర్చి పక్క స్థలంలో నగరపాలక సంస్థ వాళ్లు ఇళ్లు కట్టారు. ఇక్కణ్ణించి వెళ్లగొట్టబడ్డ వాళ్లకే మొదటి హక్కన్నారు, కానీ ఇక్కడున్నట్టు రుజువు కావాలట. డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ కోరిక ఒక్కటే, ఆ వంటగదికి నడిచి రావాలి. పాత ఇంటికి అద్దె చేతికే ఇచ్చేది, రసీదు లేదు. యజమాని పోయాడు, ఇల్లూ నేలమట్టమైంది.

ఆ ఇళ్లు ఇచ్చే ఆఫీసులో కుర్రాడు మావాడే, ఎలియాస్. "నేను నమ్ముతానమ్మా, కంప్యూటర్ నమ్మాలిగా. మీ పేరూ ఇంటి నంబరూ ఉన్న పాత వస్తువు ఏదైనా తెండి" అన్నాడు.

మిస్ అర్జీలియా చర్చి నేలమాళిగలో ఎవరూ పట్టుకెళ్లని గిన్నెలన్నీ బోర్లించి చూసింది. అందరి పేర్లూ ఉన్నాయి, తనది తప్ప. ఆవిడ వండింది చర్చికి కాదు, నేరుగా చావు జరిగిన ఇంటికే వెళ్లేది. గిన్నె అక్కడే ఉండిపోయేది.

"పోనీలే డొరెతా, బస్సులో కూర్చోవడం నాకు అలవాటే" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆదివారం ప్రార్థన కాగానే లేచి నిలబడ్డాను. "మిస్ అర్జీలియా గిన్నెలు ఇంట్లో దాచుకున్న దొంగలంతా శుక్రవారం వాటితో ఇళ్ల ఆఫీసుకు రండి. మీకు తెలిసిన దొంగలకి కూడా చెప్పండి."

నలుగురైదుగురు వస్తారనుకున్నాను. శుక్రవారం వెళ్లేసరికి వరుస తలుపు దగ్గర మొదలై వీధి మలుపు తిరిగిపోయింది. ఎక్కడెక్కడి శివార్ల నుంచో, చేతికర్రలతో, చక్రాల కుర్చీల్లో వచ్చారు. చేతుల్లో గిన్నెలు, వాటి నిండా మాకరోనీ, ఆకుకూర, పీచ్ పళ్లతో చేసిన తీపి వంటకం. కూల్చేసిన వీధి మొత్తం కాళ్లొచ్చి నడిచి వచ్చినట్టుంది. అలాంటిది నా జన్మలో చూడలేదు.

ఎలియాస్ ఓ గిన్నెను పైకెత్తి అడుగున చదివాడు. అర్జీలియా టాలీ, 227 కాస్‌వెల్. "ఇది చాలమ్మా. ఇల్లు మీదే" అన్నాడు.

ఆమె కదల్లేదు. "కింద రెండో వరుస చదువు నాయనా."

అతను చదివాడు. 'హాస్కిన్స్ వాళ్లకు, 231 కాస్‌వెల్. మీ నాన్న కోసం.' ఇంకోటి ఎత్తాడు. 'లవెట్ వాళ్లకు, 240. మీ పాప కోసం.' ఎవరి ఇంటికి పంపితే వాళ్ల నంబరు కూడా రాసేది ఆ తల్లి. నలభై మూడు గిన్నెల మీదా అంతే.

"అది నాకు చాలు. మరి వీళ్లకి?" అంది మిస్ అర్జీలియా.

ఎలియాస్ సొరుగు లాగి దరఖాస్తుల కట్ట మొత్తం బల్ల మీద పెట్టాడు.

"సరేనమ్మా, 231 వాళ్లు రండి" అన్నాడు.