కుంట మీద మెతుకులు

మా వారు రిటైరైన ఏడాది, కర్నూలులో మా ఇంటి పెరట్లో చిన్న కుంట కట్టించారు. రెండు మంచాలు పట్టేంత వెడల్పు, మోకాటి లోతు. లోపల సిమెంటు, అంచున నల్లబండలు. అందులో ఒక కలువ తీగ, కొన్ని ఎర్ర చేపలు. పక్కనే వేపచెట్టు. ఈ ఊరి ఎండల్లో నీడనిచ్చే చెట్టు కొట్టడానికి ఎవరికీ మనసొప్పదు. కాబట్టి ఆకు రాలుతూనే ఉంటుంది, తీస్తూనే ఉండాలి.

తీయడానికి ఆయన ఒక జాలీ చేసుకున్నారు. పాత జల్లెడ చట్రానికి దోమతెర గుడ్డ కుట్టి, పొడుగాటి వెదురు కర్రకు బిగించారు. పొద్దున్నే కాఫీకి ముందు కుంట చుట్టూ తిరుగుతూ, నీళ్ళ మీద పైపైన లాగేవారు. లోతుకు ముంచితే అడుగు మడ్డి లేస్తుంది. కుళాయి నీళ్ళు ఇంటి వాడకానికే చాలవు, ఇక కుంట నీళ్ళు మార్చడమన్నది లేదు. ఆకు కుళ్ళితే పైన తెట్టు కడుతుంది, కింద చేపలకు ఊపిరాడదు. ఇవన్నీ ఆయన నాకు చెప్పలేదు. కిటికీలోంచి చూసి తెలుసుకున్నాను.

శ్రీశైలానికి శివరాత్రి జనం నడిచిపోయే రోజుల్లో ఆయన పోయారు. జాలీ చేతిలో ఉండగానే పోయారని తర్వాత ఎవరో చెప్పుకున్నారు. అది నిజం కాదు. బజారులో, మందుల షాపు ముందు పడిపోయారు.

దినాలు అయ్యేదాకా నన్ను లోపలి గది దాటొద్దన్నారు. ఆ గదికీ పెరటివైపు కిటికీ ఉంది. కుంట మీద ఆకు పేరుకోవడం చూస్తూ కూర్చున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు పెరట్లో కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక, చేపలకు బొరుగులు వేశారు. మిగిలినవి ఉబ్బి తేలాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి.

బద్వేలు నుంచి మా వదిన, అంటే ఆయన అక్క, వచ్చి ఉంది. ఆమెతో చెప్పాను.

"ఎవరితోనన్నా ఆ ఆకు తీయించు వదినా."

"మనిషే పోయినాడు, నువ్వు చేపలంటాండావు" అంది. కోపంతో కాదు. అప్పటికే ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

పెద్దదినం రోజు పెరటి గోడ మీద విస్తరాకులో అన్నం, వడలు, ఆయనకిష్టమైన గోంగూర పెట్టారు. కాకి ముట్టలేదు. రెండు కాకులు వేపచెట్టు మీద కూర్చుని చూశాయే గానీ దిగలేదు. పోయినవాళ్ళ మనసులో ఏదన్నా మిగిలి ఉంటే కాకి దిగదంటారు. ఆ మిగిలిందేదో కనుక్కుని, గట్టిగా మాటివ్వాలి. నన్ను బాగా చూసుకుంటామని మాటిచ్చారు. రాయచోటి దగ్గరి చేను అమ్మేది లేదని మాటిచ్చారు. కాకులు కదల్లేదు.

"సిగరెట్టు ఒకటి పెట్టి చూడండప్పా" అన్నాడు ఆయన స్నేహితుడు.

"మానేసినాడు కదప్పా" అన్నాడు పక్కాయన.

"ఇంట్లో మానేసినాడు."

కొందరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నాకు తెలిసిన సంగతే అది.

చివరికి వదిన గోడ దగ్గరికి పోయింది. "నీ చేపల్ని మేం చూసుకుంటాం లేరా. శానా పొద్దయింది. వచ్చి తినిపో నాయనా."

కాకి దిగింది. అందరూ చేతులు జోడించారు. అది పెద్ద ముద్ద ముక్కున కరుచుకుని నేరుగా కుంట అంచుకు ఎగిరి, నీళ్ళలో ముంచింది. కాకులు తిండిని అలా తడుపుకుంటాయి. సగం మింగి సగం వదిలేసి, ఇంకో ముద్దకు వచ్చింది. రెండో కాకీ దిగింది. కాసేపటికి తెట్టు మీద, ఆకుల మధ్య, అంతా మెతుకులే.

నేను బయటికొచ్చి జాలీ అందుకున్నాను.

"దాన్ని ముట్టుకోవద్దు. వాడు తిన్న కూడు అది" అంది వదిన.

"కుళ్ళితే చేపలు చస్తాయి. చూసుకుంటామని నువ్వే కదా చెప్పినావు."

ఆమె జాలీ కర్ర పట్టుకుని ఆపింది. "పొద్దు గుంకనీమ్మా. అంతవరకన్నా ఉండనీ."

జాలీ గోడకు ఆనించాను.

సాయంత్రానికి మెతుకులు మెత్తబడ్డాయి. జాలీ తగిలితే చిదికిపోయి నీళ్ళలో కలిసిపోయాయి. దొరికినంత తీశాను. తెల్లారి చూస్తే చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. వదిన నాకంటే ముందే లేచి, జాలీతో ఒక్కొక్కదాన్నే తీసి బండ మీద పెడుతోంది. లోతుకు ముంచుతుంటే మడ్డి లేస్తోంది. పైపైన లాగమన్నాను. లాగింది. కలువాకుల కింద రెండు చేపలు మాత్రం ఇంకా కదులుతున్నాయి.

"చచ్చినవాటిని ఏం చేసేవాడు?" అని అడిగింది.

"చెట్టు మొదట్లో పూడ్చేవారు."

పార యాడుందని అడిగి, తానే తవ్వింది.

మొన్న మాసికానికి వదిన మళ్ళీ వచ్చింది. గోడ మీద విస్తరాకు వేయకముందే, ఎవరికీ చెప్పకుండా, ఆయన పాత పంచె ఒకటి కుంట మీద పరిచి చుట్టూ రాళ్ళు పెట్టింది. కాకి ఈసారి తొందరగానే దిగింది. ముద్ద పట్టుకుని కుంట దగ్గరికి పోయి, బండల మీద అటూ ఇటూ నడిచింది. నీళ్ళు కనబడలేదు. ముద్దను బండ మీద వదిలేసి ఎగిరిపోయింది.

"ఇది ముట్టినట్టా, ముట్టనట్టా?" అని ఒకాయన అడిగాడు. వదిన విస్తళ్ళు వేయమని చెప్పి లోపలికి పోయింది.

అందరూ భోజనాలకు కూర్చున్నాక నేను పంచె తీసి, దాని మీద పడ్డ ఆకును కుంటకు దూరంగా దులిపాను.