ఒకే గంటకు రెండు పేర్లు

ముందు టిక్ టిక్ వినిపించేది. మా గ్రంథాలయం తలుపు తెరుచుకోకముందే, ఎవరో చిన్న వానను వెంటబెట్టుకుని మెట్లెక్కుతున్నట్టు. ఆ తర్వాతే వెర్లీన్ కనిపించేది, మెడలో తాడుకు వేలాడే వంటింటి టైమరుతో.

కూతురు కెజయాని ఆమె, మా మిస్సోరీ రాష్ట్రంలో చట్టం ఒప్పుకున్నట్టే, ఒకటో తరగతి నుంచీ ఇంట్లోనే చదివించింది. టీచరూ, ప్రిన్సిపాలూ, వంటమనిషీ తానే. నూట ఇరవై గంటల చదువు ఒక క్రెడిట్. అలాంటివి ఇరవై నాలుగు పోగైతే హైస్కూలు పూర్తయినట్టు. టైమరు మోగేదాకా ఏ గంటా గంట కాదు.

ఆ ఏప్రిల్‌లో, శుక్రవారంలోగా క్రెడిట్ల పత్రం పూర్తిగా అందితేనే నర్సింగ్ కాలేజీ కెజయా దరఖాస్తు తీసుకుంటుంది. సోమవారం మా కంప్యూటరులో ఆ పత్రం కొడుతూ వెర్లీన్ చటుక్కున ఆగిపోయింది. తేనెటీగల దగ్గర గడిపిన అరవై గంటలు జీవశాస్త్రంలో ఉన్నాయి. వ్యవసాయంలోనూ అవే ఉన్నాయి.

"ఒకే గంటకు రెండు పేర్లు పెట్టాను," అంది.

"ఉండనీ అమ్మా. ఎవరికి తెలుస్తుంది?" అంది కెజయా.

"ప్రిన్సిపాలుకి తెలుస్తుంది."

"ప్రిన్సిపాలువి నువ్వేగా."

"అందుకే చెప్తున్నా."

వ్యవసాయాన్ని తీసేసింది. అర క్రెడిట్ తరిగింది. పత్రం పన్నూడిన నవ్వులా మిగిలింది.

నాకు మా రిజిస్టరు గుర్తొచ్చింది. ఏడాది పైగా ప్రతి శనివారం గంటసేపు, చూపు మందగించిన వాళ్లకు కెజయా ఇక్కడ పుస్తకాలు చదివి వినిపిస్తోంది. కూడి చూస్తే యాభై నాలుగు గంటలు.

"పఠన కళ అని పెట్టండి. అర క్రెడిట్ వచ్చేసినట్టే," అన్నాను.

"ఆరు తక్కువ."

"ఆరేగా."

ఆమె చూసిన చూపుకు నేను రిజిస్టరు మూసేశాను.

మంగళవారం నుంచి గురువారం దాకా రోజుకు రెండు గంటలన్నది తీర్మానం. శనివారపు శ్రోతలకు ఫోన్లు చేస్తే హోలిస్ తాత ఒక్కడే వచ్చాడు. ఏం చదవమంటావంటే ట్రాక్టరు మరమ్మతు పుస్తకం అడిగాడు. కిటికీ అవతల మిస్సోరీ కొండలు తెల్లపూలతో మెల్లగా మేలుకుంటున్నాయి. ఇవతల కెజయా గొంతులో గేరు చక్రాలు, నూనె గొట్టాలు ఒక్కొక్కటే రేకు విప్పుకున్నాయి. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"తాతా, నిద్రపోయావా?"

"లేదే పిల్లా, క్లచ్ విప్పుతున్నా. నువ్వు కానియ్."

మధ్యలో వెర్లీన్ టైమరు ఆపి కూతురికి మంచినీళ్లు ఇచ్చేది. తాగిన నిమిషాలు చదువులో కలపలేదు.

గురువారం సాయంత్రం అరవయ్యో గంట మోగింది. పత్రంలో ఖాళీ నిండింది. ఆ శనివారాలన్నీ విన్నది మీరే కదా అని, వెర్లీన్ గ్రేడు గడి మాత్రం నాకు వదిలింది. నేను 'ఏ' నొక్కబోయాను. వెనక నుంచి నా మణికట్టు పట్టుకుంది.

"బి వేయండి అడీనా గారూ. నిన్న వాక్యాల చివర్లు మింగేసింది, పక్కగదిలోంచి విన్నాను. రేపు నర్సయ్యాక, మాత్ర వేసుకోవాలో మానాలో రోగికి వాక్యం చివరే కదా తెలిసేది."