తోకుజి అయిదో తీగ

మా యాయిజు రేవులో మురమత్సు తోకుజి అంటే ఎవరికీ వెంటనే గుర్తు రాడు. "హంపెన్ కొట్టు ఫుసాయె మొగుడు" అంటే మాత్రం "ఆఁ, అతనా" అంటారు. సార్డీన్ చేపల్ని ముళ్ళతో సహా రుబ్బి, బిళ్ళలుగా అద్ది, ఉడకబెట్టి అమ్ముతారు, అదే హంపెన్. రుబ్బేది తోకుజి, అమ్మేది ఫుసాయె. మాట్లాడేది కూడా ఫుసాయే.

నా పేరు ఇకుయో. వాళ్ళ కొట్టుకెదురుగా నాది సెలూన్. తోకుజీ నేనూ ఒకే బళ్ళో చదువుకున్నాం. మా వీధి కొట్లవాళ్ళకో బ్యాండుంది. నేను డ్రమ్స్, తోకుజి బేస్ గిటార్, తుంగచాపల కొట్టు హగివార గిటారూ పాటా. హగివార మా వీధి సంఘానికి అధ్యక్షుడు కూడా. ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో, భూకంపం వస్తే ఎవరెటు నడవాలో చెప్పడం అతని పని. మైకు ఒకసారి చేతికిచ్చామా, తిరిగి లాక్కోవడం ఎవరి తరమూ కాదు.

బేస్ వాయించేవాడి బతుకు ఎంత అన్యాయమో నాకు తెలుసు, పక్కనే కూర్చుంటాను గనక. ఒకసారి గడ్డం గీయించుకుంటూ ఒకాయన అడిగాడు.

"ఇకుయో, మీ బ్యాండులో ఆ మూల నిలబడేవాడు ఏం చేస్తాడు?"

"బేస్ వాయిస్తాడు."

"అదెప్పుడు వినిపిస్తుంది?"

"కదలకు. కత్తి గొంతు దగ్గరుంది."

నాకు ఒళ్ళు మండింది. తోకుజికి మండదు. అతను కుర్రతనంలో బోనిటో చేపల పడవ మీద పనిచేశాడు. పడుకోవడానికి ఇంజను గది పక్కన చోటిచ్చారు. "ఆ చప్పుడు చెవితో వినేది కాదు ఇకుయో, పొట్టతో వినేది. దాని మీద ఎంత బాగా నిద్ర పట్టేదనుకున్నావ్" అని నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఒడ్డుకొచ్చి, పెళ్ళి చేసుకుని, చేపలు రుబ్బుతూ, ఆ చప్పుడును మళ్ళీ పట్టుకోవాలని బేస్ మొదలుపెట్టాడు. ఆ పిచ్చి ఇంక దిగలేదు. జుట్టు కత్తిరించడానికి కూర్చోబెడితే చాలు, పికప్‌ల గురించి నా బుర్ర తినేసేవాడు. పికప్పంటే తీగల కింద బిగించే అయస్కాంతం ముక్క. తీగ ఊగితే ఆ ఊపును పట్టుకుని, శబ్దం పెంచే యాంప్‌కి అందిస్తుంది. అది తీగ మధ్యలో ఉంటే ఒక రకం నాదమట, చివరికి జరిపితే ఇంకో రకమట. నాకు మాత్రం అతని నడినెత్తిన పెరుగుతున్న బట్టతల తప్ప ఏమీ కనిపించేది కాదు.

ఇంట్లో వాయించడానికి లేదు. గోడలు పల్చన, పక్కింట్లో చంటిపిల్లలు. దుప్పట్ల అలమారలో దూరి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించేవాడు. బయట కూరగాయలు తరుగుతున్న ఫుసాయెకు వినిపించేది టిక్కు టిక్కు మని తీగ చప్పుడొక్కటే. ఈలోగా కొట్టు వెనకగదిలోకి ఒక స్పీకర్ పెట్టె వచ్చింది. లోపల ఎనిమిది స్పీకర్లు, మనిషంత ఎత్తు. దాని పక్కన గాజు వాల్వుల యాంప్. వెలిగించాక వేడెక్కేదాకా ఊరుకోవాలి. అంత యాంప్‌కీ తోకుజి శబ్దం మీటను రెండు దాటించి ఎరగడు. ఫుసాయె ఆ పెట్టె మీద హంపెన్ అట్టపెట్టెలు పేర్చుకునేది.

గొడవంతా పికప్‌ల వల్ల వచ్చింది. ఆ ఏడు అతని గిటారుకున్నవి ఒంటిచుట్టువి, అంటే అయస్కాంతం చుట్టూ ఒకే తీగచుట్ట. నాదం ఎంత చక్కగా పలుకుతుందో, చుట్టుపక్కల మోటార్ల రొదను కూడా అంత చక్కగా పీల్చుకుంటుంది. కొట్టులో ఫ్రీజరు తిరుగుతుంటే అతని చెవుల్లో గుయ్యిమనేది. ఒకనాడు ఫుసాయె పుట్టింటికి వెళ్ళింది చూసి, ఒక్క పాట వాయించుకుందామని ఫ్రీజరు ఆపాడు. పాట అయిపోయింది. ఫ్రీజరు సంగతి మరిచిపోయాడు. ఆగస్టు ఎండలు. తిరిగొచ్చిన ఫుసాయెకు ఇంటికంటే ముందు వాసన ఎదురొచ్చింది. రోడ్డు దాటి నా సెలూన్‌లోకి కూడా వచ్చింది ఆ వాసన.

నేను ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వెళ్ళేసరికి తోకుజి నేల కడుగుతున్నాడు. ఫుసాయె కేకలు వేయడం లేదు. దానికే నాకు భయం వేసింది.

"ఏవండీ," అంది. "దీని మోటారు కూడా పోయినట్టుంది. కొత్త ఫ్రీజరు పెద్దది తీసుకుందాం. చోటు కావాలి. చోటేమో ఆ పెట్టె కింద ఉంది."

"అది స్పీకర్ పెట్టె ఫుసాయే. బేస్‌కి ప్రాణం."

"ప్రాణమని మీరంటున్నారు. నాకది అరుగు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను విన్నది టిక్కు టిక్కు తప్ప ఇంకేమన్నా ఉందా? బ్యాండులో విన్నా హగివార గొంతే కదా వినిపించేది. అక్కా, నువ్వైనా చెప్పు."

నన్ను ఎందుకు లాగుతారో అర్థం కాదు. "హగివార గొంతు మాత్రం వినిపిస్తుంది" అన్నాను, అది అబద్ధం కాదు గనక.

"అయితే వినండి," అంది ఫుసాయె. "నెలాఖరు పండక్కి మీరు వాయిస్తారు కదా. నేను మూడో వరుసలో కూర్చుని కళ్ళు మూసుకుంటాను. ఇదిగో, ఇది మా ఆయన వాయించేది అని నాకై నాకు తెలిస్తే పెట్టె ఉంటుంది. తెలియలేదా, ఫ్రీజరొస్తుంది."

తోకుజి నేల గుడ్డ పిండుకుంటూ తల ఊపాడు. ఆ పెట్టె పోతే ఇక అలమారే గతి అని అతనికి తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని షిజువోకలో కబురాగి సంగీత వాద్యాల కొట్టుకు వెళ్ళాడు. కబురాగికి వెనక జడ. దాన్ని చూసినప్పుడల్లా నా చేతులు కత్తెర కోసం దురదపెడతాయి.

"జంటచుట్టు పికప్‌లు వేయించుకోండి మురమత్సు గారూ," అన్నాడు కబురాగి. "ఒక చుట్టు లాగిన రొదను రెండోది చంపేస్తుంది. పలుకు కొంచెం మొద్దుబారుతుందనుకోండి. నాదం మాత్రం లావుగా వస్తుంది."

"మా ఆవిడకి ఏది బాగా వినిపిస్తుంది?"

కబురాగి జడ సవరించుకున్నాడు. ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. "ఆవిడ ఎలాంటివి వింటుంటారు?"

"వాతావరణ వార్తలు."

"అయితే లావువే వేయిద్దాం. అయిదు తీగల గిటారుకి మారండి. ఆ అయిదోది లావుపాటి ఉడోన్ నూడిల్ అంత ఉంటుంది, దాని నాదం చాలా లోతు. యాంప్ ఎంత మీద పెడతారు?"

"రెండు."

"రెండు మీద ఆ పెట్టె ఇంకా నిద్రలోనే ఉంటుందండీ."

"పక్కింటివాళ్ళుంటారు కదా."

"పక్కింటివాళ్ళు లేనిచోట వాయించండి."

"ఎక్కడికెళ్ళినా పక్కింటివాళ్ళే కదండీ" అన్నాడు తోకుజి. అయినా అయిదు తీగల గిటారు కొన్నాడు. బయల్దేరుతుంటే కబురాగి, "పెట్టెను మూలకి ఆనించకండి, డొల్ల చెక్క మీద అసలు పెట్టకండి, గదంతా కలిసి మోగుతుంది" అన్నాడు.

పండగ రోజు పొద్దున్నుంచీ వాన. వేదికను పార్కింగ్ స్థలం నుంచి వీధి సంఘం హాల్లోకి మార్చారు. ఆ హాలు వేదిక చెక్కది, కింద మడత కుర్చీలు దాస్తారు, అంటే డొల్ల. చోటు మిగిలింది మూల ఒక్కటే.

"ఒరే, అక్కడొద్దన్నాడ్రా కబురాగి," అన్నాడు తోకుజి.

"ఇంకెక్కడ పెడతావ్? నా నెత్తి మీదా?" అన్నాడు హగివార. పెట్టెను మూలకి తోసి, మైకు పట్టుకున్నాడు.

హాలు నిండింది. పొడుగు బల్లల ముందు ముసలివాళ్ళూ, పిల్లలూ, బార్లీ టీ గ్లాసులూ. మూడో వరుసలో ఫుసాయె చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మేం వాయించడం మొదలుపెట్టాం. హగివార ఓడరేవు పాటలు పాడాడు, ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ తనే రాసుకున్నవి. తోకుజి యాంప్ అలవాటు ప్రకారం రెండు మీదే ఉంది. అతని పక్కనున్న నాకే అతని బేస్ అంతంతమాత్రంగా వినిపించింది. ప్రతి పాట చివరా అతను మూడో వరుస వైపు చూసేవాడు. ఫుసాయె కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపేది. పాపం ఆవిడ నిజంగానే వెతుకుతోంది, నుదురంతా ముడిపడింది.

ఆఖరి పాట మిగిలింది. తోకుజి యాంప్ దగ్గరికి నడిచాడు. మీటను ఏడుకు తిప్పాడు. వెనక్కొచ్చి, కళ్ళు మూసుకుని, అయిదో తీగను మీటాడు.

మా జిల్లావాళ్ళకు పుట్టినప్పటి నుంచీ చెబుతున్నది ఒకటే: పెద్ద భూకంపం వస్తుంది, ఇవాళో రేపో వస్తుంది. అది రాకుండానే మాకందరికీ జుట్టు నెరిసింది. ఇప్పుడు కిటికీలు గడగడలాడాయి. టీ గ్లాసులు బల్లల మీద జరగసాగాయి. నేల కిందనుంచి ఒక కంపం పాదాల్లోంచి పొట్టలోకెక్కింది. ఎవరూ అరవలేదు. టీ కాచే ఆవిడ గ్యాసు కట్టేసింది. ఎవరో తలుపు బార్లా తెరిచారు. హగివార గిటారు కింద పెట్టి, మైకులో తాపీగా మొదలుపెట్టాడు.

"ముందు తల కాచుకోండి. బల్లల కిందికి వెళ్ళండి. ఎవరూ పరుగెత్తొద్దు."

హాలంతా బల్లల కింద దూరింది. నేను కూర్చున్న మెత్తను నెత్తిన పెట్టుకుని పెద్ద డ్రమ్ము వెనక నక్కాను. బళ్ళో నేర్పింది అదే మరి. ముందు బల్ల కింద ఇద్దరు ముసలాళ్ళు అప్పుడే వాదులాడుకుంటున్నారు.

"మూడు ఉంటుంది తీవ్రత."

"మూడేంటి, నాలుగు. ఫోన్లలో హెచ్చరిక మోగలేదేం?"

"ఇది నిలువుగా వస్తోంది, అందుకే."

తోకుజి ఇదేమీ చూడలేదు. కళ్ళు మూసుకుని, ఒళ్ళు మరిచిపోయి వాయిస్తూనే ఉన్నాడు. కంపం ఆగేది, కాస్త పైకెక్కేది, మళ్ళీ అడుగుకు దిగేది. అంతసేపు భూకంపం నా జన్మలో చూడలేదు.

మూడో వరుస బల్ల కిందనుంచి ఫుసాయె తల బయటపెట్టింది. చెవి ఒగ్గి వింది. మోకాళ్ళ మీద పాకుతూ వేదిక దాకా వచ్చింది.

"ఏవండీ," అంది. "అది మీరేనా?"

తోకుజి కళ్ళు తెరిచాడు. హాల్లో ఒక్క తలకాయ లేదు. "ఏది?"

"ఆ కిందనుంచి వచ్చేది. కడుపులో తెలిసేది."

"నేనే."

"ముప్ఫై ఏళ్ళ నుంచీ అలమారలో వాయిస్తున్నది ఇదేనా?"

"ఇదే."

ఫుసాయె వేదిక అంచున చతికిలబడింది. కిమోనో నలిగిపోయింది, మోకాళ్ళకు దుమ్ము. "చెప్పొచ్చు కదండీ," అంది. కళ్ళు తుడుచుకుంది. "పెట్టె ఉండనివ్వండి."

మైకులో లేని భూకంపాన్ని ప్రకటింపజేసి తన పరువు తీశాడని హగివార వారం రోజులు తోకుజితో మాట్లాడలేదు. తోకుజి హంపెన్ పొట్లాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి వంగి వంగి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ ముసలాళ్ళలో ఒకాయన మాత్రం పొట్లం తీసుకుంటూ, తీవ్రత నాలుగే కదా అని అడిగాడట. కొత్త ఫ్రీజరు అలమారలోకి వెళ్ళింది. దుప్పట్లేమో పెట్టె మీదికెక్కాయి.

మరుసటి ఏడు, సెప్టెంబరు ఒకటిన జరిగే విపత్తు విన్యాసాలకు ముందు, హగివారే మొహం మాడ్చుకుని హంపెన్ కొట్టుకొచ్చాడు. "సైరన్ వేస్తే ఒక్కడూ చేతిలో గిన్నె కింద పెట్టట్లేదురా. నీ తీగ ఒకసారి మోగించు" అన్నాడు. అప్పటి నుంచీ ఏటా అదే పద్ధతి. తోకుజి ఏడు మీద ఒక్క దెబ్బ వేస్తాడు, వీధి వీధంతా బల్లల కింద దూరుతుంది. ఏ బేస్ వాద్యగాడికి అంత నిశ్శబ్దంగా వినే జనం దొరుకుతారు? అయినా అతనికి వెలితే. "అందరూ తల కాచుకుంటారు ఇకుయో, నాదం ఎలా ఉందో ఒక్కరూ చెప్పరు" అని నా కుర్చీలో కూర్చుని గొణిగేవాడు.

ఈ ఏడూ హాల్లో అలాగే మోగించాడు. నేను మెత్త నెత్తిన పెట్టుకుని కూర్చున్నాను. నాదం నెమ్మదిగా ఆగింది. ముందు బల్ల కిందనుంచి ఫుసాయె గొంతు వచ్చింది.

"ఏవండీ."

"ఊఁ."

"పికప్‌లు మార్చారు కదూ?"

తోకుజి తీగల మీంచి చెయ్యి తీసి బల్ల వైపు వంగాడు. నాకు కూడా చెప్పకుండా మార్చాడు దొంగ. "నీకెలా తెలిసింది?"

"పోయినేడు కాస్త గరగరలాడేది. ఇది మరీ నున్నగా ఉంది. నాకు పాతదే నచ్చింది."

తోకుజి మెళ్ళో తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. హగివార మైకు అందుకుని, ప్రమాదం తప్పింది, ఇక బయటికి రావచ్చు అని ప్రకటించబోయాడు.

"ఎవరూ రావద్దు," అంది ఫుసాయె బల్ల కిందనుంచి. "ఇంకోసారి వింటాను."