అక్క వెబ్‌సైట్‌కు నేను చేసిన వైద్యం

నిక్షేపంగా నడుస్తున్న దుకాణాన్ని కుర్చీలోంచి లేవకుండానే మూయించబోయిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడాలనుంటే అశోక్‌నగర్ రండి. మా ఇంట్లోనే ఉంటాడు, అద్దం ముందు. ఇన్నాళ్లూ నలుగురి నోళ్లలో ఆ నిందను మాకు ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన నర్సింగ్ మోస్తున్నాడు. ఇప్పుడైనా దించాలి.

మా అక్క విజయ చిక్కడపల్లిలో పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేయిస్తుంది. డిజైన్ల ఫొటోలతో ఆమెకు వెబ్‌సైట్ పెట్టింది నేనే. అది కాస్త నిదానంగా తెరుచుకుంటోందని, ఫొటోల బరువు తగ్గించే ప్లగిన్ అనే అదనపు ప్రోగ్రాం ఒకటి తగిలించాను. గుణం కనబడలేదు. రెండోది తగిలించాను. ఇంకా నెమ్మదించింది. మూడోదీ తగిలించాను. ముందువి తీసేశానా? డాక్టర్ని మార్చినా పాత మందు మానని వంశం మాది. ఆ ముందు నెలే మోకాలి నొప్పికి నారాయణగూడ డాక్టరు మాత్రలు, నల్లకుంట హోమియో గుళికలు, పక్కింటివారి తైలం కలిపి వాడి, ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్నాను.

సరిగ్గా అప్పుడే హైదర్‌గూడ నుంచి ఒక పెళ్లివారు ఫోన్ చేశారు. పెళ్లికూతురికీ, అక్కలకీ, వదినలకీ, పిన్నులకీ అన్ని జాకెట్లూ ఒకేచోట కుట్టిస్తారట. సైట్‌లో డిజైన్లు చూసి సాయంత్రంలోగా చెబుతారట. ఆ సీజన్‌లో అక్కకు దొరికిన పెద్ద ఆర్డరు అదొక్కటే. మగ్గాలు ఖాళీగా ఉన్నాయి.

కాసేపటికి పెళ్లికూతురి తల్లి మళ్లీ ఫోన్ చేసింది.

"ఏంది విజయక్కా, నెమలి తలకాయ అచ్చింది, తోక కోసం అందరం కూసున్నం."

నెట్ సమస్యేనని నేను తేల్చాను. నర్సింగ్‌ను పిలిపించి స్తంభం ఎక్కించాను. ఆయన వైరు మార్చి, చెమట తుడుచుకుంటూ దిగాడు. తోక రాలేదు. కనెక్షనే నాసిరకమని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పి, నాలుగో ప్లగిన్ వెతకసాగాను.

అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "వాళ్లు హైదర్‌గూడల ఉన్నరు. ఈడ స్తంభమెక్కితే ఆడ తోకెట్లొస్తది రా?"

ఇంతకీ దానికేం పెట్టావని అడిగింది. ఘనంగా మూడు పేర్లూ చెప్పాను.

"మూడు ఒక్కసారే నడుస్తున్నయా?"

"మరి?"

"నీకు దద్దుర్లొచ్చినప్పుడు ఏం జేసినం? అన్ని బంద్ పెట్టి, ఒక్కొక్కటి వేసి చూసినం గదా. దీనికి గూడ జర గట్లనే చెయ్యి."

మూడూ ఆపాను. భోజనాలకు లేవండన్న మాట విన్న మగపెళ్లివారిలా పేజీ ఒక్క ఉదుటున వచ్చింది. ఒకటి పెడితే ఇంకా చురుగ్గా ఉంది. రెండోది కలపగానే మళ్లీ మూలిగింది. ఒకటి కుదించిన ఫొటోను రెండోది కొత్తదనుకుని మళ్లీ కుదిస్తోంది, దాని వెంట మూడోది. ఒకే జాకెట్‌ను ముగ్గురు టైలర్లు విప్పి కుడుతున్నట్టు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ప్లగిన్లు ఎక్కువైతే వెబ్‌సైట్ గడ్డపెరుగు.

ఒక్కదాన్నే ఉంచాను. చీకటి పడకముందే ఆర్డరు ఖాయమైంది, తోకతో సహా. ఏమైందని పెళ్లివారు అడిగితే అక్క, "ఏదో జర పరేషాన్ అయ్యింది, మా తమ్ముడు మంచిగ చేసిండు" అంది. ఆ మాటకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాని ఆ తల ఇప్పటికీ దుకాణంలో నిలబడి ఉందంటే ఆ మాట చలవే.

మర్నాడు మిఠాయి పట్టుకుని నర్సింగ్ దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. "పోనీ అన్నా, గా వైరు ఎట్లయినా పాతదే" అని సగం పెట్టె నాకే తినిపించాడు.

అందుచేత, ఆ నెమలి తోక సాక్షిగా, అక్క వెబ్‌సైట్‌కు ఇక జన్మలో వైద్యం చేయనని ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం తప్పుతానన్న భయం ఎవరికీ అక్కర్లేదు. అక్క ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చేసింది.